రోజు కూలీనా, పెన్షనా? – పత్రికల ఫొటోగ్రాఫర్లు రేటు కట్టుకున్న చరిత్ర

(ఒక విశ్రాంత అకౌంట్స్ ఉద్యోగి)



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు వ్యాసం కావాలని మన కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "డి.ఎ. బకాయిల మీద, మెడికల్ బిల్లుల మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ఏదైనా చరిత్ర రాయండి" అన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్ఫయ్యేళ్లకు పైగా అకౌంట్స్ సెక్షన్‌లో వోచర్లు చూసి, ఎర్ర సిరాతో టిక్కులు పెట్టినవాణ్ణి. అయినా నా చేతి మీదుగా పోయిన ఒక చిన్న బిల్లు నాచేత ఈ చరిత్ర చదివించింది. అందుకని ఆ బిల్లుతోనే మొదలుపెడతాను.

1979లో సంగతి. అప్పుడు నేను యు.డి.సి.ని. మా ఆఫీసు తరఫున ఒక పత్రిక వచ్చేది. దానికి ఒక ఆనకట్ట ఫొటోలు కావలసివచ్చి, ఊళ్లో చిన్న స్టూడియో నడిపే ఒక ఫొటోగ్రాఫరుకు పని అప్పగించారు. ఆయన రెండు రోజులు అక్కడ ఉండి ఫొటోలు తీసి, మూడో రోజు తిరిగివచ్చి బిల్లు పెట్టారు. మూడు రోజుల కూలీ, ఏడు రీళ్లు, కడిగిన ఖర్చు, బస్సు చార్జీలు అందులో ఉన్నాయి. నేను బిల్లు పరిశీలించి రెండు చోట్ల కోత పెట్టాను. ప్రయాణం చేసిన రోజు ఫొటో తీయలేదు కాబట్టి ఆ రోజు కూలీ ఇవ్వనక్కర్లేదన్నాను. పత్రికలో అచ్చయినవి నాలుగే ఫొటోలు కాబట్టి ఏడు రీళ్లు ఎందుకని ప్రశ్నించి, రెండింటికే డబ్బు పాస్ చేశాను. నెగిటివులన్నీ ఆఫీసుకు స్వాధీనం చెయ్యాలన్న షరతు ఎలాగూ ఉంది. ఆయన ఏమీ అనకుండా రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఆఫీసు సొమ్ము ఆదా చేశానని నాకు ఆ రోజు ఎంతో తృప్తిగా అనిపించింది.

ఆ నాలుగు ఫొటోలలో ఒకటి తర్వాత ఇరవయ్యేళ్లు మా ఆఫీసు క్యాలెండరు మీద, ఎగ్జిబిషన్ స్టాల్‌లో, వార్షిక నివేదిక అట్ట మీద ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వాటిలో ఒక్కసారికీ ఆ ఫొటోగ్రాఫరు పేర వోచరు నా బల్ల మీదకు రాలేదు. రావాలని నాకూ తోచలేదు.

ఒక ఫొటో విలువ ఎంత? రోజు లెక్కన కట్టాలా, రీలు లెక్కన కట్టాలా, అచ్చయిన బొమ్మ లెక్కన కట్టాలా? ఒకసారి డబ్బిస్తే ఆ ఫొటో ఎన్నిసార్లయినా వాడుకోవచ్చా? ఈ ప్రశ్నలు రిటైరయ్యాక గాని నాకు తట్టలేదు. ఇవే ప్రశ్నల మీద అమెరికాలో పత్రికల ఫొటోగ్రాఫర్లు దశాబ్దాలపాటు పోరాడారని చదివి తెలుసుకున్నాను. అది చదువుతుంటే మన పే స్కేళ్లు, మన డి.ఎ., మన పెన్షన్ పోరాటాలే గుర్తుకొచ్చాయి.

జీతగాళ్లు, స్వతంత్రులు

ఫొటోలతోనే కథ చెప్పే వారపత్రికలకు గొప్ప రోజులు 1930లలో వచ్చాయి. జర్మనీలో 1925లో లైకా అనే చిన్న కెమెరా అమ్మకానికి రావడంతో, ఫొటోగ్రాఫరు స్టాండు మోసుకుపోకుండా జనంలో కలిసి తిరుగుతూ ఫొటోలు తీయగలిగాడు. అమెరికాలో హెన్రీ లూస్ 1936 నవంబరు 23న లైఫ్ పత్రికను ప్రారంభించాడు. వెల పది సెంట్లు. మరుసటి ఏడాది లుక్ పత్రిక వచ్చింది. లైఫ్ మొదట్లో నలుగురు ఫొటోగ్రాఫర్లను జీతం మీద పెట్టుకుంది. మొదటి సంచిక ముఖచిత్రం తీసిన మార్గరెట్ బర్క్‌వైట్ ఆ నలుగురిలో ఒకరు. ఆ ముఖచిత్రం కూడా ఒక ఆనకట్టదే.

జీతం మీద ఉన్న ఫొటోగ్రాఫరు పరిస్థితి మనలాంటిదే. పని ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి జీతం అందుతుంది. కెమెరా పాడైతే సంస్థ చూసుకుంటుంది. దానికి బదులుగా తీసిన ఫొటో సంస్థకు చెందుతుంది. ఇందులో ఎవరికీ పేచీ లేదు. మనం రాసిన ఫైలు నోట్స్ మీద మనం హక్కు అడగం కదా!

ఇబ్బంది అంతా ఫ్రీలాన్స్ వాళ్లది, అంటే ఏ సంస్థలోనూ ఉద్యోగం లేకుండా పత్రిక పిలిచినప్పుడు పని చేసేవాళ్లది. వాళ్లకు పని లేని రోజున పైసా రాదు. కెమెరా, స్టూడియో అద్దె, డార్క్‌రూమ్, జబ్బు, ముసలితనం, అన్నీ సొంత ఖర్చే. అయినా పత్రికలు చాలాకాలం వాళ్లకు రోజు డబ్బులు చేతిలో పెట్టి, నెగిటివుల మీద హక్కులు మాత్రం జీతగాడి దగ్గర తీసుకున్నట్టే తీసుకునేవి. జీతగాడికి ఉన్న భద్రత లేదు, స్వతంత్రుడికి ఉండవలసిన హక్కూ లేదు. మన ఆఫీసుల్లో ఏళ్ల తరబడి ఎన్.ఎం.ఆర్. మీద పనిచేసినవాళ్ల బాధ చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

అమెరికా చట్టం కూడా అప్పట్లో ఫొటోగ్రాఫరు వైపు లేదు. 1909 నాటి కాపీరైట్ చట్టం కింద, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి పని చేయించుకున్నవాడికే హక్కు చెందుతుందని కోర్టులు భావించేవి. కాబట్టి హక్కు కావాలనుకునే ఫొటోగ్రాఫరు పనికి ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఒంటరిగా వెళ్లి అడిగితే, "నువ్వు కాకపోతే ఇంకొకడు" అని ఎడిటరు అనగలడు.

గాంధీజీ రెండు ఫొటోలు

ఈ తేడా మన దేశపు ఉదాహరణతో బాగా అర్థమవుతుంది. గాంధీజీ రాట్నం ముందు కూర్చుని కాగితాలు చదువుకుంటున్న ఫొటో మనందరికీ తెలుసు. దాన్ని 1946లో తీసింది బర్క్‌వైట్. ఆమె లైఫ్ కోసం పనిచేసిన మనిషి కాబట్టి ఆ చిత్రం లైఫ్ చిత్రభండారంలో చేరింది.

1948 జనవరి 30న ఢిల్లీ బిర్లా హౌస్‌లో ఫ్రెంచి ఫొటోగ్రాఫరు హెన్రీ కార్టియే బ్రెసాన్ గాంధీజీని కలిసి, తన ఫొటోల పుస్తకం చూపించారు. ఆయన అక్కడి నుంచి వెళ్లిన కొద్దిసేపటికే హత్య జరిగింది. ఆ రాత్రి గేటు దగ్గర నెహ్రూ గారు జనానికి ఆ వార్త చెబుతున్న దృశ్యాన్నీ, తర్వాత అంత్యక్రియలనూ ఆయన ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు కూడా లైఫ్‌లోనే అచ్చయ్యాయి. కాని ఆయన లైఫ్ ఉద్యోగి కాదు. ఆయన నెగిటివులూ, వాటి మీద హక్కులూ ఆయనవే. లైఫ్‌కు ఇచ్చింది అచ్చువేసుకునే అనుమతి మాత్రమే.

పత్రిక అదే, దేశం అదే, మహాత్ముడూ ఆయనే. కాని ఒకరిది జీతం పద్ధతి, మరొకరిది హక్కు పద్ధతి. ఇందులో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని నేననను. జీతం లేనివాడికి హక్కు కూడా లేకపోవడమే అన్యాయం.

సంఘం పుట్టుక

1944లో న్యూయార్కులో కొందరు ఫొటోగ్రాఫర్లు కలిసి మ్యాగజైన్ ఫొటోగ్రాఫర్ల సంఘం పెట్టుకున్నారు. 1945లో దానికి మొదటి అధ్యక్షుడిగా ఎన్నికైనది ఫిలిప్ హాల్స్‌మన్. లైఫ్ పత్రికకు 101 ముఖచిత్రాలు తీసిన ఘనుడాయన. ఒక్కరోజు కూడా లైఫ్ జీతగాడు కాదు. పేరు మోసినవాడు తన బేరం తాను చూసుకుని ఊరుకోవచ్చు. ఆయన అలా చేయకుండా పేరు లేనివాళ్ల కోసం సంఘంలో నిలబడ్డాడు. మన సంఘాలను కూడా మొదట్లో నిలబెట్టింది అలాంటివారే.

1947లో, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, రాబర్ట్ కాపా, కార్టియే బ్రెసాన్, డేవిడ్ సీమర్, జార్జ్ రోజర్ మొదలైనవారు కలిసి మాగ్నమ్ అనే సంస్థను స్థాపించారు. అది ఒక సహకార సంఘం. యజమానులూ వాళ్లే, పనివాళ్లూ వాళ్లే. ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. మన దేశమూ తూర్పు ఆసియా బ్రెసాన్ వంతుకు వచ్చాయి. వాళ్లు పెట్టుకున్న ముఖ్యమైన నియమం ఒక్కటే: పని పత్రికది కావచ్చు, నెగిటివు ఫొటోగ్రాఫరుది.

దీని ఫలితం ఏమిటంటే, ఒకసారి పడిన శ్రమ పలుమార్లు ఫలించేది. బ్రెసాన్ 1954లో సోవియట్ యూనియన్‌లో తీసిన ఫొటోలు 1955లో అమెరికాలో లైఫ్‌లోనూ, ఫ్రాన్సులో పారిస్ మ్యాచ్‌లోనూ వచ్చాయి. మాగ్నమ్‌లో చేరిన వెర్నర్ బిషఫ్ 1951లో బీహారు కరువును ఫొటోలు తీశారు. అవి లైఫ్‌లో అచ్చయి అమెరికా ప్రజలకు మన ఆకలిని చూపించాయి. ఆయన 1954లో పెరూ దేశంలో ప్రమాదంలో మరణించారు. అదే నెలలో కాపా వియత్నాంలో లైఫ్ పని మీద ఉండగా మందుపాతర పేలి చనిపోయారు. 1956లో సూయెజ్ దగ్గర సీమర్ కాల్పుల్లో పోయారు. ఆ ముగ్గురి నెగిటివులూ నిలిచాయి. ఫొటోగ్రాఫరు పోయిన తర్వాత కూడా ఆ హక్కు అతని వారసులకు దక్కుతుంది. మన భాషలో దీన్ని ఫ్యామిలీ పెన్షన్ అనవచ్చు.

రేటు ఎలా కట్టేవారు?

అకౌంట్స్ మనిషిని కాబట్టి ఈ లెక్క దగ్గర కొంచెం ఆగుతాను. ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్ల సంఘాలు క్రమంగా స్థిరపరచిన రేటులో నాలుగు భాగాలు ఉండేవి.

మొదటిది రోజు రేటు. ఇది కనీస హామీ. ఫొటో అచ్చయినా కాకపోయినా పనిచేసిన రోజులకు ఈ డబ్బు ఇచ్చితీరాలి. 1950లలో అమెరికాలో రోజుకు 100 డాలర్లు అన్న అంకె స్థిరపడింది.

రెండవది పేజీ రేటు. ఎన్ని పేజీలలో, ఎంత సైజులో ఫొటోలు అచ్చయ్యాయో చూసి లెక్క కడతారు. ముఖచిత్రానికి వేరే రేటు. రోజుల లెక్క, పేజీల లెక్క రెండూ వేసి ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ఊరికే ఒక ఉదాహరణ వేసుకుందాం. రోజు రేటు 100, పేజీ రేటు 150 అనుకుందాం. ఫొటోగ్రాఫరు మూడు రోజులు పనిచేస్తే 300 ఖాయం. ఎడిటరు నాలుగు పేజీలు వాడితే 600 అవుతుంది. అప్పుడు ఫొటోగ్రాఫరుకు 600 ముట్టాలి. ఒక్క ఫొటో కూడా వేయకపోతే 300 ఆయనకే. అంటే రోజు రేటు అనేది పూర్తి కూలీ కాదు, పేజీ డబ్బుకు బయానా లాంటిది. ఈ ఒక్క ముక్క నాకు 1979లో తెలిసి ఉంటే బాగుండేది.

మూడవది ఖర్చులు. ఫిల్ము, కడిగే ఖర్చు, సహాయకుడి కూలీ, ప్రయాణం, బస, భోజనం. ఇవి రేటులో కలవవు, విడిగా ఇవ్వాలి. ప్రయాణం చేసిన రోజుకు కూడా ఎంతో కొంత ఇవ్వాలని అడిగేవారు. ఆ రోజు అతను మరో పని ఒప్పుకోలేడు కదా! రీళ్ల విషయం కూడా అంతే. నాలుగు మంచి ఫొటోలు కావాలంటే వంద తీయవలసి ఉంటుంది. తీసినవన్నీ అచ్చుకావు కాబట్టి రీలు ఖర్చు దండగ అనడం, పరీక్షలో అడిగిన అయిదు ప్రశ్నలకు పుస్తకమంతా ఎందుకు చదివావని పిల్లవాణ్ణి అడిగినట్టు ఉంటుంది. ఆ మాట అడిగినవాణ్ణి నేనే.

నాలుగవది వాడుక. ఇచ్చిన డబ్బు ఒకసారి, ఒక పత్రికలో, ఒక భాషలో అచ్చువేసుకోవడానికి మాత్రమే. మళ్లీ వాడితే మళ్లీ డబ్బు. పని అయ్యాక స్లైడ్లు, నెగిటివులు తిరిగి అప్పగించాలి. పత్రిక ఒక ఒరిజినల్ స్లైడు పోగొడితే 1,500 డాలర్లు నష్టపరిహారం కట్టాలన్న షరతు అక్కడి ఫొటోగ్రాఫర్ల కాగితాలలో ఉండేది. స్లైడు ఖరీదు కొద్ది సెంట్లే. ఆ డబ్బు అది ముందు ముందు తెచ్చిపెట్టగల రాబడికి.

హక్కు ఒక్కటీ చాలదు

అయితే హక్కు చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు గడవదు. యూజిన్ స్మిత్ కథ ఇందుకు సాక్ష్యం. ఆయన లైఫ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు. తన ఫొటోలను పత్రిక అమర్చిన తీరు నచ్చక ఉద్యోగం వదులుకుని, 1955లో మాగ్నమ్‌లో చేరారు. పిట్స్‌బర్గ్ నగరం మీద ఒక పుస్తకానికి సుమారు వంద ఫొటోలు తీసే పని వచ్చింది. మూడు వారాల పని అని మాట. స్మిత్ అక్కడే నెలల తరబడి ఉండిపోయి పదివేలకు పైగా నెగిటివులు తీశారు. రేటు మూడు వారాలకే కుదిరింది. మిగిలిన కాలమంతా సొంత ఖర్చు, అప్పు. తర్వాత జపానులో మినమాటా విషజలాల బాధితుల మీద ఆయన చేసిన పని ప్రపంచాన్ని కదిలించింది. 1978లో చనిపోయేనాటికి ఆయన బ్యాంకు ఖాతాలో మిగిలింది 18 డాలర్లని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు.

స్మిత్ గొప్పతనాన్ని తక్కువ చేయడానికి ఈ మాట రాయడం లేదు. అలాంటి మనుషుల వల్లనే లోకానికి కొన్ని నిజాలు తెలుస్తాయి. కాని పని ఎన్ని రోజులో, రోజులు పెరిగితే ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోకపోతే ఆ భారం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. మన ఇళ్లల్లో కూడా నిజాయితీగా పనిచేసి సర్వీసు రిజిస్టరు సరిచూసుకోని కారణాన రిటైరయ్యాక తిప్పలు పడినవాళ్లను చూశాం.

సంఘం రేటు ప్రకటించకూడదట!

ఇక్కడ మనకు వింతగా తోచే ఒక మలుపు ఉంది. మన సంఘాలు చార్టర్ ఆఫ్ డిమాండ్స్ ఇచ్చేవి, చర్చలకు కూర్చునేవి, అవసరమైతే సమ్మె నోటీసు ఇచ్చేవి. అమెరికాలో ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్లకు ఆ దారి మూసుకుపోయింది.

అక్కడ 1890లో షెర్మన్ చట్టం వచ్చింది. పెద్ద కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచకుండా అడ్డుకోవడం దాని ఉద్దేశం. 1914లో వచ్చిన క్లేటన్ చట్టం కార్మిక సంఘాలకు దాని నుంచి మినహాయింపు ఇచ్చింది. కాని ఆ మినహాయింపు ఉద్యోగులకే. ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫరు చట్టం దృష్టిలో ఉద్యోగి కాదు, వ్యాపారి. ఇద్దరు దుకాణదారులు కలిసి ధర కట్టడం ఎలా నేరమో, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కలిసి రేటు కట్టడం కూడా అలాగే నేరం కావచ్చు. వాషింగ్టన్‌లో పేదల తరఫున వాదించే న్యాయవాదులు కొందరు తమ ఫీజు పెంచాలని కలిసికట్టుగా పని మానేస్తే, అది ధరల కుమ్మక్కేనని 1990లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కెమెరా పట్టుకున్నవాళ్లకూ అదే సూత్రం వర్తిస్తుంది.

దాంతో సంఘం కనీస రేట్లు ప్రకటించే పద్ధతి మానుకోవలసి వచ్చింది. దాని బదులు పని కాగితాల నమూనాలు అచ్చువేసి ఇవ్వడం, బేరం ఎలా ఆడాలో నేర్పడం, హక్కుల గురించి పుస్తకాలు వేయడం చేసింది. రేటు మాత్రం ఎవరికి వారు చెప్పుకోవాలి. కోట్ల డాలర్ల పత్రికా సంస్థ ఒకవైపు, కెమెరా సంచీ భుజాన వేసుకున్న ఒక్క మనిషి మరోవైపు. వాళ్లిద్దరూ సమానమైన వ్యాపారులట!

చట్టం మారింది, రేటు మారలేదు

ఒక విషయంలో మాత్రం ఫొటోగ్రాఫర్లు గెలిచారు. 1976లో ఆమోదం పొంది 1978 జనవరి 1 నుంచి అమలైన అమెరికా కొత్త కాపీరైట్ చట్టం పాత సూత్రాన్ని తిరగేసింది. ఫొటో తీసిన క్షణం నుంచి హక్కు తీసినవాడిదే. పత్రికకు పూర్తి హక్కు కావాలంటే కాగితం మీద రాయించుకోవాలి. 1989లో ఒక శిల్పి కేసులో సుప్రీం కోర్టు, ఉద్యోగి కానివాణ్ణి ఉద్యోగిగా చూపించి హక్కు లాక్కోవడం కుదరదని స్పష్టం చేసింది. బ్రిటన్‌లో 1988 చట్టం కూడా ఫొటోగ్రాఫరుకే హక్కు ఇచ్చింది.

మన దేశం సంగతేమిటి? మన 1957 కాపీరైట్ చట్టం, 1958 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు డబ్బిచ్చినవారిదే. బ్రిటన్ వాళ్లు మనకిచ్చిన పాత సూత్రాన్ని వాళ్లు వదులుకున్నా మనం ఉంచుకున్నాం. 2012 సవరణలో ఫొటోల హక్కు కాలాన్ని తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లుగా పెంచారు గాని, ఈ నియమం తీసేయలేదు. "వేరే ఒప్పందం లేకపోతే" అన్న ఆ మూడు మాటలే మన ఫొటోగ్రాఫరుకు మిగిలిన దారి. అంటే ఒక్క కాగితం.

అమెరికాలో హక్కు గెలిచినవాళ్లు రేటు దగ్గర ఓడిపోయారు. పెద్ద పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. లుక్ 1971లో ఆగిపోయింది, లైఫ్ వారపత్రికగా 1972 డిసెంబరులో ఆగింది. పని తగ్గింది, పనికోసం ఎగబడేవాళ్లు పెరిగారు. 1950లలో 100 డాలర్లున్న రోజు రేటు, 1990ల చివరకు పెద్ద వార్తా వారపత్రికల్లో కూడా 400 డాలర్ల దరిదాపుల్లోనే ఉంది. నాలుగు రెట్లు పెరిగింది కదా అనిపిస్తుంది. కాని మనకు ధరల సూచిక లెక్క వేయడం ఒకరు నేర్పనక్కర్లేదు. అమెరికా వినియోగదారుల ధరల సూచిక ప్రకారం 1955లో 100 డాలర్లు 1999లో 620 డాలర్లకు సమానం. అంటే కాగితం మీద పెంపు, సంచిలో మూడో వంతు కోత. 2023 ధరలతో చూస్తే ఆ 100 డాలర్లు 1,100 పైమాటే. డి.ఎ. లేని జీతం ఎలా కరిగిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆపైన కంప్యూటర్లు వచ్చాయి. ఒకసారి అచ్చుకని తీసుకున్న ఫొటోలను, రచనలను పత్రికలు కంప్యూటర్ డిస్కుల్లోకి ఎక్కించి మళ్లీ అమ్ముకోవడం మొదలుపెట్టాయి. ఫ్రీలాన్స్ రచయితలు న్యూయార్క్ టైమ్స్ మీద వేసిన కేసులో 2001లో అమెరికా సుప్రీం కోర్టు రచయితల పక్షాన తీర్పు ఇచ్చింది. సముద్రగర్భ ఫొటోగ్రాఫరు జెర్రీ గ్రీన్‌బర్గ్ నేషనల్ జియోగ్రాఫిక్ మీద వేసిన ఇలాంటి కేసులో 2001లో గెలిచి, 2008లో అదే అప్పీలు కోర్టు విస్తృత ధర్మాసనం దగ్గర ఓడిపోయారు. పాత సంచికను ఉన్నదున్నట్టు డిస్కులోకి ఎక్కించడం కొత్త వాడుక కాదని కోర్టు అంది. ఇన్ని తీర్పుల తర్వాత పత్రికలు తెలివి తెచ్చుకుని, అన్ని హక్కులూ రాసిమ్మనే కాగితాలనే ముందుగా సంతకానికి పెట్టడం మొదలుపెట్టాయి. మ్యాగజైన్ ఫొటోగ్రాఫర్ల సంఘం కూడా 1992లో తన పేరులోని మ్యాగజైన్ మాట తీసి మీడియా అని మార్చుకుంది.

మనకెందుకీ కథ?

1982 డిసెంబరు 17న నకారా కేసులో మన సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును ఏటా ఈ రోజున తలచుకుంటాం. పెన్షన్ యజమాని దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారం. నెగిటివు మీద హక్కు కూడా ఫొటోగ్రాఫరుకు అలాంటిదే. రోజు రేటు ఆ రోజు భోజనానికి సరిపోతుంది. చేతులు వణికే వయసులో అన్నం పెట్టేది ఆ నెగిటివు. రోజు రేటు దగ్గర మాత్రమే బేరమాడి, మిగిలినది వదులుకున్నవాడు జీతం తీసుకుని పెన్షన్ వదులుకున్నవాడితో సమానం.

మన మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు లేకుండా విడివిడి పనులు చేస్తున్నారు. ఫొటోలు, వీడియోలు, బొమ్మలు, రాతలు, ఏదైనా కావచ్చు. వాళ్లకు మనం చెప్పగలిగింది నాలుగు ప్రశ్నలు. పని ఎన్ని రోజులు, రోజులు పెరిగితే ఎంత? ఖర్చులు ఎవరివి? ఎక్కడ, ఎన్నిసార్లు, ఎంతకాలం వాడుకుంటారు? పని అయ్యాక అసలు ఎవరి దగ్గర ఉంటుంది? ఈ నాలుగింటికీ జవాబులు పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాయించుకోమని చెప్పండి. ముప్ఫయ్యేళ్లు ఫైళ్లలో బతికిన మనకు కాగితం విలువ తెలుసు.

చివరగా ఆ బిల్లు సంగతి. నేను రిటైరైన కొన్నేళ్లకు, పెన్షన్ పని మీద బ్యాంకుకు వెళితే ఆ ఫొటోగ్రాఫరు కనిపించారు. నన్ను గుర్తుపట్టి, "అయ్యగారూ, బాగున్నారా?" అని పలకరించారు. స్టూడియో ఎప్పుడో మూసేశారట. కాసేపు మాట్లాడాక మొహమాటపడుతూ ఒక మాట అడిగారు. "ఆ ఆనకట్ట నెగిటివు ఒక్కటి ఇప్పించగలరా? డబ్బుకు కాదండీ. మా మనవడికి చూపించాలని. క్యాలెండరు చూపిస్తే వాడు నమ్మడం లేదు, నీ పేరు లేదుగా తాతా అంటున్నాడు."

మర్నాడే పాత ఆఫీసుకు వెళ్లాను. నా తర్వాతి కుర్రవాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, వెతికించారు. బిల్డింగు మారినప్పుడు పాత నెగిటివులన్నీ తుక్కు కింద వేలం వేశారని తేలింది. ఆ వేలం ఫైలు పద్ధతి ప్రకారమే ఉంది. ఆడిట్ అభ్యంతరం లేదు.

ఆయనకు ఆ మాట చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది. "పోనివ్వండి బాబూ, మీరేం చేస్తారు" అన్నారాయన. నేను చేయగలిగింది ఒకటి ఉండేది, 1979లో. చేయలేదు. ఆ ఫొటో తీసింది ఆయనేనని, నా చేతులతో బిల్లు పాస్ చేశానని ఒక తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి వాళ్ల మనవడి చేతికిచ్చాను. నా సర్వీసులో నేను రాసిన నోట్లన్నిటిలో సరైనది అదొక్కటేనని ఇప్పుడు అనిపిస్తుంది.